రావిచెట్టును తరలించిన సర్వీసు గురించి, రెండు ఎండాకాలాలు చూశాక

చెట్టును వేళ్లతో సహా లేపి ఇంకోచోట నాటే సర్వీసు ఒకటి ఉందని మా దగ్గర చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. 2023 జూలైలో మా ఇంటి రావిచెట్టును అలా తరలించారు. పని అయిన మర్నాడే రివ్యూ రాయమని మెసేజ్ పెట్టారు, ఫోన్ కూడా చేశారు. నేను రాయలేదు. నేను మిషన్ కుట్టుకుని బతికేదాన్ని. జాకెట్టు కుట్టిన రోజు ఎవరిదైనా బాగానే ఉంటుంది, నాలుగు ఉతుకులు పడితే కదా కుట్టు సంగతి తెలిసేది. రెండు ఎండాకాలాలు దాటాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

సంస్థ పేరు రాయడం లేదు. వాళ్లు చేసిన మంచికి నేను రుణపడి ఉన్నాను, చేసిన తప్పుకు ఇంకా కోపంగానే ఉన్నాను. పేరు పెడితే మాట వాళ్ల మీదికి పోతుంది, చెట్టు మీద నిలవదు. మీరు ఎవరిని పిలిచినా అడగాల్సినవి మాత్రం ఇవే.

మాది హనుమకొండ దగ్గర భీమారం. మామయ్య ఇక్కడ ప్లాటు కొన్నప్పుడు చుట్టూ పొలాలేనట. మూడు వందల గజాల జాగలో ముందు గేటు పక్కన వేప, ఆయన చేతులతో పెట్టింది. వెనక ప్రహరీ మూలకు రావి, ఎవరూ పెట్టింది కాదు. ఏ పిట్టో వేసిన గింజ గోడ పగులులో మొలిచింది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు రెండుసార్లు పీకేశాం, మళ్లీ వచ్చింది. మూడోసారి అత్తమ్మ పీకనియ్యలేదు. పదహారేళ్లకు అది గోడను రెండుగా చీల్చింది.

కొడుకు పెళ్లయ్యాక పైన ఇంకో పోర్షన్ వేయాలన్నాం. ప్లాన్ గీసిన ఇంజనీరు రెండు చెట్లనూ ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. కొట్టేవాళ్లు కూడా సిద్ధం, కట్టెలు వాళ్లే తీసుకుని మాకే ఎదురు మూడు వేలు ఇస్తామన్నారు. అప్పుడు మా వెనక లైన్లో ఉండే అన్న వచ్చి ఆపాడు. "చెల్లె, గట్ల కొట్టకుండ్రి. వాల్టా కింద కేసయితది," అన్నాడు. వాల్టా అంటే బోర్లు, ఇసుక ట్రాక్టర్లు పట్టుకునే చట్టం అనే అనుకునేదాన్ని. ఆ పేరులో నీరు, భూమి తర్వాత చెట్టు కూడా ఉందని అప్పుడే తెలిసింది. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టం, తెలంగాణ వచ్చాక కూడా నడుస్తోంది. మన జాగలో మనం పెట్టుకున్న చెట్టయినా కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. నీలగిరి, సుబాబుల్, సర్కారు తుమ్మ లాంటి కొన్నింటికే మినహాయింపు. వేప, రావి ఆ మినహాయింపులో లేవు.

నా ఇంట్లో నా చెట్టుకు ఎవరి పర్మిషన్ ఏంది అని మొదట నాకూ అనిపించింది. దాచడం ఎందుకు. కానీ మా లైన్లో పదేళ్ల కింద ఎన్ని చెట్లు ఉండేవో ఒకసారి లెక్కపెట్టాను. చింత రెండు, నేరేడు ఒకటి, కానుగలు వరుసగా నాలుగు, మూల మీద రేల చెట్టు. ఎండాకాలం వస్తే రేల చెట్టు కింద పచ్చటి పూల గుత్తులు రాలి రోడ్డు కనపడేది కాదు. వాటిలో ఇప్పుడు ఒక్క కానుగ మిగిలింది. ఒక్కొక్కరూ తమ జాగలో తమ చెట్టునే కొట్టుకున్నారు, వేరేవాళ్లది ఎవరూ ముట్టలేదు. అయినా లైనంతా ఎండ పడింది. ఆ లెక్క పెట్టాక పర్మిషన్ అంటే కోపం పోయింది.

దరఖాస్తు ఆన్‌లైన్లో మా అబ్బాయే పెట్టాడు. చెట్ల ఫొటోలు, ఇంటి కాగితాలు, ఎందుకు తీయాలో రాసి. తర్వాత ఒక అధికారి టేపు పట్టుకుని వచ్చాడు. ఛాతీ ఎత్తులో చెట్టు చుట్టూ టేపు వేసి కొలిచాడు. రావి నాలుగడుగులు వచ్చింది, వేప ఇంకాస్త ఎక్కువ. "అమ్మా, కొట్టుడే ఎందుకు? రావి అయితే లేపి నాటొచ్చు, బతుకుతది. దానికీ పర్మిషన్ ఇస్తరు," అన్నాడు. తరలింపు అనే మాట మేం మొదట విన్నది ఆయన నోట్లోంచే. తీసిన చెట్టుకు బదులు మొక్కలు పెట్టాలని కూడా చెప్పాడు.

అలా హైదరాబాద్ వాళ్లకు ఫోన్ చేశాం. రెండు చెట్లకు కలిపి లక్షా పది వేలు చెప్పారు. గుండె గుభేలుమంది. చూడటానికి డబ్బులేం తీసుకోం, మనిషిని పంపిస్తాం అన్నారు.

వచ్చినవాడు పాతికేళ్ల పిల్లగాడు. వ్యవసాయం చదివాడట. ఈ రివ్యూలో నేను నిండుగా మెచ్చుకునేది ఆ పిల్లగాడినే. రావిని పావుగంటలో చూసేశాడు. వేప దగ్గర మాత్రం గంటన్నర ఉన్నాడు. నిచ్చెన వేసుకుని ఎక్కి కొమ్మల చివర్లు విరిచి చూశాడు. ఒక సన్నకొమ్మ మీద గోటితో బెరడు గీకి నాకు చూపించాడు. చివరి జానెడు మేర లోపల గోధుమరంగు, ఎండు కట్టె. కిందికి గీకుతూ వస్తే ఒకచోట గీత గీసినట్టు పచ్చదనం మొదలైంది. "ఆంటీ, 2021లో వేపచెట్లన్నీ మాడిపోయినట్టు అయినయి, యాదికుందా?" అని అడిగాడు.

ఎందుకు గుర్తు లేదు! ఆ ఏడు వానాకాలం పోయాక ఎక్కడ చూసినా వేపలు నిప్పు పెట్టినట్టు ఎర్రబడ్డాయి. కరోనా చెట్లకు కూడా వచ్చిందని మా దగ్గర చెప్పుకున్నారు. అది ఫోమాప్సిస్ అనే బూజు తెగులు అనీ, కొమ్మ చివర నుంచి వెనక్కి ఎండుకుంటూ వస్తుంది కాబట్టి డైబ్యాక్ అంటారనీ, టీ దోమ అనే రసం పీల్చే పురుగు పట్టిన కొమ్మల్లో ఇంకా తొందరగా పాకుతుందనీ ఆ పిల్లగాడు చెప్పాడు. చాలా చెట్లు వేసవిలో మళ్లీ చిగురు వేసి బతికాయి. మాది కూడా బతికింది, కానీ బలం ఇంకా పూర్తిగా రాలేదు. పైగా వేప తల్లివేరు లోతుకు దింపుతుంది. ఆ వేరు తెగితే రావిలాగా కొత్త వేళ్లు గబగబా వేసుకోలేదు. "దీన్ని లేపితే డబ్బులు మాకు వస్తయ్ గానీ చెట్టు మీకు మిగలదు. రావి ఒక్కటే చేస్తం. వేప కోసం మీ ఇంజనీరుతో మాట్లాడుత, పిల్లర్ జరుగుతదేమో చూద్దాం," అన్నాడు.

సగానికి పైగా బేరం పోగొట్టుకుని ఆ మాట చెప్పాడు. తర్వాత మా ఇంజనీరుతో ఫోన్లో అరగంట మాట్లాడాడు. చివరికి తేలింది ఏమిటంటే, వేపకు తగులుతున్నది ఇల్లు కాదు, ఒకే ఒక్క పిల్లరు, దాని ఫుటింగు. దాన్ని నాలుగడుగులు పక్కకు జరిపి, గుంత జేసీబీతో కాకుండా పారతో తవ్వి, లావు వేరు కనపడ్డ చోట వేరును కోయకుండా పైనుంచి బీము దాటించారు. ఖర్చు కొంత పెరిగింది. మెట్లు ఒక మలుపు ఎక్కువ తిరిగాయి. ఎర్ర పెన్నుతో కొట్టేసిన చెట్టు ఇప్పటికీ మా గేటు పక్కనే ఉంది, నా మిషన్ దాని నీడలోనే ఉంది.

రావి ఒక్కదానికే బేరం యాభై రెండు వేలకు కుదిరింది, చెట్టును లేపే హైడ్రా క్రేన్ కిరాయితో కలిపి. అనుమతి కాగితం చేతికి వచ్చేదాకా వాళ్లు పార ముట్టలేదు. అది వాళ్ల పద్ధతి, మంచి పద్ధతి.

చెట్టును లేపడం అంటే ఒకరోజు పని అనుకుంటారు, నేనూ అదే అనుకున్నా. రెండు నెలల పని. మే మొదటి వారంలో చెట్టు మొదలు చుట్టూ ఆరడుగుల వెడల్పున సున్నంతో గుండ్రంగా గీశారు. ఆ గీత వెంట సగం వృత్తం మాత్రమే కందకం తవ్వారు. తగిలిన వేళ్లను గొడ్డలితో నరకలేదు, పదునైన రంపంతో సాఫుగా కోశారు. ఏదో వేళ్లు పుట్టించే పొడి రాసి, ఎర్రమట్టి, వర్మీకంపోస్టు నింపి, తడిపారు. మిగతా సగం ఇరవై రోజులు ఆగి తవ్వారు. ఒకేసారి అన్ని వేళ్లూ కోస్తే చెట్టు నీళ్లు తాగలేదు, సగం సగం కోస్తే ఒక పక్క తాగుతూ ఇంకో పక్క కొత్త వేళ్లు వేసుకుంటుంది. ఆ ఎండల్లో రోజూ తడపాల్సిన పని మాత్రం మాదే.

జూన్ చివర్లో ఆ పిల్లగాడు వచ్చి మొదట తవ్విన పక్క మట్టిని చేత్తో పక్కకు తీసి నన్ను పిలిచాడు. కోసిన వేరు అంచు చుట్టూ తెల్లటి వేళ్లు కుచ్చులా వచ్చి ఉన్నాయి. నా డబ్బాలో ఉండే నలభై నంబర్ తెల్లదారం ఉంటుంది చూడండి, సరిగ్గా అంత సన్నం. వేలితో తాకితే తెగిపోయేలా ఉన్నాయి. వెంటనే మట్టి కప్పేశాడు.

మిరుగం కార్తె వెళ్లి రెండు మంచి వానలు పడ్డాక, జూలైలో ముహూర్తం పెట్టారు. ముందురోజు సాయంత్రం అత్తమ్మ చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. బెరడు మీద చెయ్యి పెట్టి, "నిన్ను కొడ్తలేం బిడ్డా, పోచమ్మ తల్లి కాడికి తోల్తున్నం. అక్కడ నీకు గోడ అడ్డం లేదు," అని చెప్పింది. పనివాళ్లు అప్పటికి కొమ్మలు తగ్గించే పనిలో ఉన్నారు, ఆమె లేచేదాకా కింద నిలబడే ఉన్నారు. ఒక్కరూ తొందరపెట్టలేదు.

కొమ్మలు తగ్గించడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మొత్తం గొడుగులో నాలుగు లావు కొమ్మల మొదళ్లే మిగిల్చారు. ఆకులు ఎక్కువుంటే నీళ్లు ఆవిరై పోతాయి, తెగిన వేళ్లు అంత నీళ్లు పంపలేవు కాబట్టి తప్పదట. కోసిన చోటల్లా మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం పేస్టు పూశారు. చెట్టుకు ఉత్తరం దిక్కున చిన్న గుర్తు పెట్టారు, కొత్త చోట కూడా అదే పక్క ఉత్తరానికి ఉండేలా. ఏళ్ల తరబడి ఎండ తగలని బెరడును ఒక్కసారిగా ఎండకు తిప్పితే పగులుతుందన్నారు.

మర్నాడు పొద్దున్నే లైన్‌మన్ వచ్చి ఎల్సీ, అంటే లైను ఆపేందుకు అనుమతి, తీసుకున్నాడు, మా లైన్లో కరెంటు ఆపారు. మట్టి ముద్దకు గోనెపట్టాలు చుట్టి సుతిలి తాడుతో అల్లిక వేశారు. హైడ్రా బెల్టులు వేసి లేపింది. ఇక్కడే మొదటి తప్పు జరిగింది. మట్టి ముద్ద కింద బెల్టు సరిగ్గానే వేశారు, కానీ మాను చుట్టూ వేసిన రెండో బెల్టు కింద గోనె మందంగా పెట్టలేదు. చెట్టు గాల్లో కొంచెం తిరగగానే బెల్టు జారి అరచెయ్యంత మేర బెరడు లేచిపోయింది. తెల్లటి పాలు బొట్లు బొట్లుగా కారాయి. నేను గట్టిగా అరిచాను. "ఏం కాదమ్మా, మానిపోతది," అని ఆపరేటర్ అంటున్నాడు గానీ లివర్ ఆపడం లేదు. పిల్లగాడు పరుగెత్తుకొచ్చి ఆపించాడు, గోనె మడతలు పెట్టించి, గాయానికి పేస్టు పూశాడు. యాభై వేలు తీసుకునే సంస్థ రెండు గోనె సంచుల దగ్గర తొందరపడటం నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ మచ్చ ఇంకా ఉంది. అంచుల నుంచి బెరడు లోపలికి అల్లుకొస్తోంది, పూర్తిగా మూసుకోవడానికి ఇంకా ఏళ్లు పడుతుంది.

పోచమ్మ గుడి మా కాలనీ నుంచి కిలోమీటరున్నర. గుడి పెద్దలు సంతోషంగా జాగ చూపించారు. అక్కడ గుంత ముందురోజే తవ్వి ఉండాల్సింది, మూడడుగుల కింద మొరం గట్టిగా తగిలి సగంలో ఆగింది. చెట్టు లారీ మీద రెండు గంటలు ఉండిపోయింది. మేం, గుడి దగ్గర ఆడుకునే పిల్లలు బిందెలతో నీళ్లు తెచ్చి గోనెల మీద పోస్తూ నిలబడ్డాం. నాటేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మూడు వైపులా వెదురు కాదు, ఇనుప పైపులు ఆనించి కట్టారు. ఆ పని గట్టిగా చేశారు. సెప్టెంబర్ గాలివానకు కూడా చెట్టు బెత్తెడు కదల్లేదు.

నాలుగో వారంలో చిగుళ్లు వచ్చాయి. లేత ఎరుపు, ఎండ పడితే రాగి రేకులా మెరిసేవి. కాలనీ అంతా వచ్చి చూసి పోయింది. సంస్థ వాళ్లు ఫొటో తీసుకుని పోయారు. పిల్లగాడు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఆంటీ, దీన్ని చూసి నీళ్లు ఆపకుండ్రి. ఇది మానులో దాచుకున్న తిండితోటి వచ్చిన చిగురు. కింద వేర్లు పట్టిందీ లేందీ ఎండాకాలంల తెలుస్తది," అన్నాడు. ఇలా తరలించిన చెట్లు చాలా వాటికి మొదటి చిగురు రాగానే అందరూ చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు, ఏప్రిల్‌లో ఎండిపోతే చూసే నాథుడు ఉండడు. రోడ్ల వెడల్పులో తరలించే చెట్ల వార్తలు చదివేటప్పుడు ఇప్పుడు నా కన్ను మొదట దీని కోసమే వెతుకుతుంది: నీళ్లు ఎవరు పోస్తారు, ఎన్నాళ్లు? మన హనుమకొండ మీంచి ములుగు వెళ్లే 163 నంబర్ జాతీయ రహదారే అటు హైదరాబాద్ దాటి చేవెళ్ల మీదుగా పోతుంది. అక్కడ దారి పొడుగునా ఉన్న సుమారు 900 మర్రిచెట్ల కోసం జనం ఏళ్ల తరబడి కొట్లాడారు. మర్రి అయినా రావి అయినా లేపితే బతికే జాతే. కానీ లేపిన చెట్టు, లేపకుండా వదిలిన చెట్టు ఒకటి కాదు. మా రావికి అంతకుముందు ఉన్న గొడుగు మళ్లీ రావాలంటే నా కళ్లతో చూస్తానో లేదో.

ఇక పెద్ద ఫిర్యాదు. ఒప్పందం అప్పుడు ఏడాది పాటు నీళ్లు, మందులు, తనిఖీ వాళ్లవే అని నోటితో చెప్పారు. కాగితం మీద మాత్రం "అనంతర సంరక్షణ" అని ఒక్క మాట రాసి వదిలేశారు. ఆగస్టులో ఒకసారి వచ్చారు, అక్టోబర్‌లో ఒకసారి. ఆ తర్వాత ఫోన్ చేస్తే "టీం వేరే సైట్లో ఉంది మేడం". ఫిబ్రవరిలో ఆ పిల్లగాడు ఉద్యోగం మానేశాడని తెలిసింది. మార్చిలో ఆకుల అంచులు మాడటం మొదలైంది. నాకు రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. మన జాగలోంచి తీసి తెచ్చి గుడి దగ్గర చంపుకున్నట్టు అవుతుంది కదా.

అప్పుడు నేనే ట్యాంకర్ మాట్లాడాను. ట్యాంకరు ఆరు వందలు. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది ట్యాంకర్లు పోయించాను. మొదట్లో మాను అడుగునే పోయించేదాన్ని, అది తప్పు. వేళ్ల కొసలు ఉండేది మట్టి ముద్ద అంచుల్లో, అక్కడ పోయాలి. చుట్టూ పాది వెడల్పు చేసి, ఎండుగడ్డి పరిచి, పైపు సన్నగా వదిలి గంటసేపు ఇంకనిచ్చాం. చెదలు పట్టకుండా మాను చుట్టూ జానెడు జాగ గడ్డి లేకుండా వదిలాం. మధ్యలో రోజుల్లో గుడికి వచ్చే ఆడవాళ్లు తలా ఒక చెంబు పోసేవాళ్లు. ఆ ఎండాకాలం గడిచింది. 2025 ఎండాకాలంలో ట్యాంకర్ అవసరం పడలేదు. వానలు పడ్డాక చూస్తే నాలుగు మొదళ్ల నుంచి నా చెయ్యి లావు కొమ్మలు వచ్చి ఉన్నాయి, ఆకులు గాలికి గలగలమంటున్నాయి.

బదులు మొక్కల సంగతి కూడా చెప్పాలి. గుడి జాగలోనే రేల రెండు, జమ్మి ఒకటి పెట్టాం. జమ్మి మన రాష్ట్ర వృక్షం అని అబ్బాయి పట్టుబట్టాడు, దసరాకు ఊరంతా వెతుక్కునే చెట్టు కదా. ఒక రేల పోయింది, దాని చోట మళ్లీ పెట్టాం.

మీలో ఎవరైనా ఇలాంటి సర్వీసు పిలిస్తే నీళ్ల సంగతి కాగితం మీద రాయించుకోండి. ఎన్ని నెలలు, వారానికి ఎన్నిసార్లు, ఎవరి ఖర్చు అని. మాను చుట్టూ బెల్టు కింద గోనె మందం మీరే దగ్గరుండి చూసుకోండి. గుంత పూర్తయిందని కళ్లతో చూశాకే చెట్టును లేపనివ్వండి. డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. నేను ఇరవై వేలు అడ్వాన్సు, లేపిన రోజు ఇరవై రెండు వేలు ఇచ్చి, పది వేలు ఆపుకున్నాను, రెండు ఎండాకాలాలు బతికితేనే ఇస్తానని. అప్పుడు మొహాలు మాడ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు.

ఐదు స్టార్లలో ఎన్ని అంటే, చెట్లను చూసి నిజం చెప్పినందుకు ఐదు, లేపడానికి మూడు, తర్వాత చూసుకోవడానికి ఒకటి. మొన్న మంగళవారం వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి చెట్టు ఫొటోలు పంపాను. పది వేల నుంచి తొమ్మిది ట్యాంకర్ల ఐదు వేల నాలుగు వందలు పట్టుకుని నాలుగు వేల ఆరు వందలు పంపుతున్నానని చెప్పాను. అవతల ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ట్యాంకర్ రసీదులు ఉన్నాయా అమ్మా" అని అడిగింది. తొమ్మిదీ పంపాను. సాయంత్రానికి లెక్క సరిపోయిందని మెసేజ్ వచ్చింది.